రాబోవు ఊరి పేరు చెప్పు ఫలకము



రైలులోగాని బస్సులోగాని ప్రయాణము చేయువారి నోట తఱచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. "బాబూ, ఇప్పుడొచ్చే ఊరేటి?" అని. టిక్కెట్టు వెల యొక్కసారి యడుగుదురు. ఈ ప్రశ్న పదిసార్లు అడుగుదురు. ప్రక్కవాడు తెలిసినవాడైనచో సరి. వాడును పొరుగూరివాడే యైనచో ఇద్దరును కిటికీలోనుండి చీకటిలోనికి చూచుచు కూర్చుండవలసినదే. పొందూరులో దిగవలసినవాడు దూసిలోనే మూటతో దిగిపోవుట, లేక నిద్రమబ్బులో సిగడాము దాటిపోవుట మన ప్రాంతమున వింత కాదు. దిగవలసిన చోటు దాటిపోయినదని గ్రహించి కదలుచున్న బండినుండి దుమికి కాలో చేయో విఱుగగొట్టుకొన్నవారును, అంతకంటె ఎక్కువ నష్టపడినవారును కలరు. కావున ఈ ప్రశ్న చిన్నదిగా కనబడినను చిన్నది కాదు.

ఈ ప్రశ్నకు మనుష్యునకు బదులుగా ఒక యంత్రము సమాధానము చెప్పుట యెట్లు? బండి నడచుచుండగనే "రాబోవునది ఫలానా వీధి, ఫలానా ఊరు" అని తనంతట తానే చూపు ఫలకమును చేయవలెనని నూటయేబది యేండ్లుగా ఎందఱో ప్రయత్నించిరి. ఆ ప్రయత్నములు చాలకాల మెందుకు తప్పిపోయినవో, ఇప్పుడు మన దారిలోనే అట్టి ఫలకము ఎట్లు వెలుగుచున్నదో ఈ ప్రసంగమున మనవి చేసెదను.

మన వ్యాకరణమున క్రియకు భూత, భవిష్యత్, వర్తమానములు గాక తద్ధర్మమను నాల్గవ కాలము కూడ కలదు. ఎల్లప్పుడును జరుగు ధర్మమును చెప్పునది తద్ధర్మము. రైల్వేవారి కాలపట్టిక తద్ధర్మమున మాటాడును: "ఈ బండి పొందూరున నిలుచును." ఈనాడు నిలుచుచున్నదా, గంట యాలస్యమైనదా, దానికి తెలియదు. స్టేషనులో పాతిన పలక వర్తమానమున మాటాడును: "ఇది పొందూరు." ప్రయాణికునకు కావలసినది భవిష్యత్తు: "రాబోవునది పొందూరు, మూట సర్దుకొనుము." ఈ మూడవ మాట చెప్పగల వస్తువేదియు పూర్వము బండిలో లేదు. బడిలో కాలభేదములు నేర్పునప్పుడు ఈ ఉదాహరణమును చెప్పినచో పిల్లలు మఱువరని నా నమ్మకము.

స్టేషను పలకను నేను తక్కువ చేయుట లేదు. పసుపు పచ్చని పలకపై నల్లని అక్షరములతో ప్రాంతీయభాషలోను, హిందీలోను, ఇంగ్లీషులోను ఊరి పేరును, అడుగున సముద్రమట్టమునకు ఆ చోటు ఎన్ని మీటర్ల యెత్తున నున్నదో ఆ లెక్కయు వ్రాసియుందురు. ఇది సత్యవాది. పాతినచోటనే యుండును గనుక ఎన్నడును అబద్ధమాడదు. 1893 మొదలు 1896 వఱకు మన తీరమున తూర్పుతీరపు రైలుమార్గము క్రమక్రమముగా తెఱవబడిన నాటినుండి ప్రయాణికులకు పేరుపలకయే దిక్కు. అయినను దానికి మూడు లోపములు. ప్లాట్‌ఫారము కొనలయందుండును గనుక నడిమిపెట్టెలోనివానికి కనబడదు. రాత్రివేళ వెలుగు చాలకున్న చదువరాదు. అన్నిటికంటె మించినది, బండి వచ్చి నిలిచిన పిదపగాని చెప్పదు. రెండు నిమిషములు నిలుచు బండిలో పై బల్లమీద పండుకొన్న ముసలివాడు పలకను చూచి, చదివి, లేచి, చెప్పులు వెదకుకొని, గుమ్మము చేరులోపల బండి కదలును.

మఱియొక చిక్కు పేరులోనే యున్నది. శ్రీకాకుళము పట్టణమునకు పోవువాడు "శ్రీకాకుళం రోడ్" అను పలకయున్న చోట దిగును. ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో. పట్టణము అక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దవ్వున నున్నది. రైలుమార్గము పట్టణమును తాకకుండ పోయినచో, ఆ పట్టణమునకు బాట చీలు స్టేషనునకు "రోడ్" అని చేర్చి పేరు పెట్టుట రైల్వేవారి ఆచారము. మందస రోడ్ కూడ అట్టిదే. ప్రజలు "ఆందాలవలస" అందురు, టిక్కెట్టుపై "శ్రీకాకుళం రోడ్" అని యుండును. తెలియనివాడు ఈ రెండును వేర్వేరనుకొనును. యంత్రము ఎంత చక్కగా పనిచేసినను దానికి మన మిచ్చిన పేరునే అది చెప్పును గదా. ఈ సంగతి యొకింత గుర్తుంచుకొనవలెను, మరల దీనియొద్దకు రావలసియున్నది.

యంత్రములు రాకముందు భవిష్యత్తును చెప్పినవాడు కండక్టరు. పల్లె బస్సులో అతడు ఊరు వచ్చుటకు ముందే చెఱువుగట్టు కడనో మఱ్ఱిచెట్టు కడనో గొంతెత్తి పేరు కేకవేయును. అతని కేకలో గొప్ప సౌకర్యమున్నది. చదువురానివానికిని, చూపులేనివానికిని అది సమానముగా చేరును. నిద్రించువానిని లేపును. "ముసలమ్మా, నీ ఊరొచ్చింది" అని పేరుపేరునను చెప్పును. అట్టి ఫలకము నేటివఱకు ఎవరును చేయలేదు. కాని నగరములందు, సంతరోజు పల్లెలందు, ఇసుకవేసిన రాలనంత జనసమ్మర్దములో నూఱుమందికి టిక్కెట్లిచ్చు మనుష్యుడు ప్రతి వీధిని కేకవేయజాలడు. వేసినను వినబడదు.

నగరపు ట్రాములు పెరిగినకొలది ఈ చిక్కు పెద్దదైనది. మద్రాసులో కరెంటు ట్రాము 1895లో నడువసాగెను. 1953 వఱకు నడిచినది. కలకత్తాలో 1902లోను, రంగూనులో 1906లోను అట్టివి వచ్చినవి. ఆ మూడు నగరములును మన ఉత్తరాంధ్రులకు పరాయివి కావు. విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము రేవులనుండి ఓడలెక్కి రంగూను పోయి కూలిచేసిన కుటుంబము లెన్నియో. తెలుగు తప్ప వేఱు భాష రానివాడు, ఆ తెలుగు సహితము చదువనేరనివాడు, బర్మాభాషలో కేకవేయు కండక్టరును నమ్ముకొని వీధులు లెక్కపెట్టుకొనుచు ట్రాములో కూర్చుండవలసివచ్చెను. "నాలుగో మలుపున దిగు" అని ముందువచ్చినవాడు చెప్పిన మాటయే వానికి ఫలకము. ఈ లెక్కపెట్టుట యను పనియే యంత్రము చేసిన పని. అందుచేత దీనిని మఱువవలదు.

అమెరికా దేశపు నగరములలో వీధులు గళ్ళనుడికట్టువలె నిలువునను అడ్డమునను పోవును. కొన్నిటికి పేరులు కూడ లేవు, అంకెలే. ఒకదానివలె మఱియొకటి యుండును. అక్కడ 19వ శతాబ్ది ఉత్తరార్ధమునుండి బండిలో వీధి పేరులు చూపు యంత్రములకు అనేకులు పేటెంటులు పొందిరి. వివరములలో ఎన్ని భేదములున్నను మూలసూత్రము ఒక్కటే. దానిని విప్పి చెప్పెదను.

ఒక చిన్న పెట్టె. దానికి ముందువైపున అద్దపు కిటికీ. లోపల రెండు కఱ్ఱలు. ఒక పొడవైన గుడ్డపట్టెపై ఆ దారిలోని వీధుల పేరులన్నియు వరుసగా వ్రాసి, ఆ పట్టెను ఒక కఱ్ఱకు చుట్టి, రెండవ కొనను రెండవ కఱ్ఱకు తగిలింతురు. పై కఱ్ఱ విప్పుకొని క్రింది కఱ్ఱ చుట్టుకొన్నప్పుడు కిటికీలో ఒక పేరు పోయి రెండవ పేరు వచ్చును. తోలుబొమ్మలాటలో తెరమీద బొమ్మ మార్చినట్లనుకొనవచ్చును. రాత్రివేళ కనబడుటకు వెనుక దీపము; పేరు మాఱినదని తెలియుటకు ఒక గంట.

కఱ్ఱను త్రిప్పునది కరెంటు. ఇనుపకడ్డీకి రాగితీగ చుట్టి ఆ తీగలో కరెంటు పారించినచో కడ్డీ అయస్కాంతమగును. కరెంటు ఆపిన వెంటనే ఆ గుణము పోవును. ఇంగ్లండులో స్టర్జన్ అను నాతడు 1825లో దీనిని చేసి చూపెను. దీనికి విద్యుదయస్కాంతమని పేరు. మన యిండ్లలో వాకిట మీట నొక్కిన మ్రోగు గంటలో సుత్తిని లాగునది ఇదియే. పేరుల పెట్టెలో ఇది సుత్తికి బదులు ఒక కొక్కెమును లాగును. ఆ కొక్కెము కఱ్ఱకొననున్న పండ్లచక్రమును ఒక్క పన్ను మాత్రమే ముందునకు త్రోయును. మఱియొక చిన్న కొక్కెము చక్రము వెనుకకు పోకుండ పట్టియుంచును. ఇట్టి పండ్లచక్రమును చూడగోరువారు నేతవారి యిండ్లకు పోవచ్చును. కొన్ని మగ్గములలో నేసిన బట్టను చుట్టు దూలము కొనకు ఇట్టిదే యుండును. బట్ట బిగువు సడలకుండుటకు ఒకవైపునకే తిరుగునట్లు దానిని కొక్కెముతో ఆపుదురు. కరెంటు ఒక్కసారి తగిలిన ఒక్క పన్ను. ఒక్క పన్నుకు ఒక్క పేరు. ఇంతే.

ఇంతవఱకు కష్టము లేదు. పల్లెటూరి కంసాలి చేతికిచ్చినను ఈ పెట్టె చేసిపెట్టును. అసలు ప్రశ్న వేఱొకటి. కరెంటు ఎప్పుడు తగులవలెను? అనగా, బండి ఒక వీధి దాటి మఱియొక వీధికి వచ్చుచున్నదని ఆ పెట్టెకు చెప్పువారెవరు? యంత్రకారులు తమ తెలివినంతయు పేరు చూపుటయందు వినియోగించిరి; చిక్కు మాత్రము చోటు తెలిసికొనుటయందున్నది.

దీనికి మూడు మార్గములు త్రొక్కిరి. మొదటిది, డ్రైవరో కండక్టరో వీధి వీధికి మీట నొక్కుట. ఇందులో మనుష్యుని శ్రమ కేకనుండి చేతికి మాఱినదే కాని తగ్గలేదు. కేకవేయుట మఱచినవాడు మీట నొక్కుటయు మఱచును. రెండవది, పట్టాల నడుమనో ప్రక్కనో ప్రతి వీధికి ముందు ఒక ఇనుపముక్కను పాతి, బండి క్రిందినుండి వ్రేలాడు మీట దానికి తగులునట్లు చేయుట. ఇది తెలివైన ఉపాయమే. కాని బురదయు, రాళ్లును, మంచుదేశములలో మంచుగడ్డయు దానిని కప్పును. మూడవది, బండి చక్రము ఎన్ని చుట్లు తిరిగినదో లెక్కించి దూరము తెలిసికొనుట. వానకు చక్రము జాఱినను, అరిగి చిన్నదైనను, ఆ లెక్క కొంచెము కొంచెముగా తప్పును.

ఈ మూడింటికిని ఒకే వ్యాధి. జపమాల త్రిప్పుచు మనస్సు చెదరి ఒక పూసను వదలివేసినవాడు పిదప ఎంత శ్రద్ధగా లెక్కించినను నూటయెనిమిది కాదు, నూటయేడే యగును. ఒక్క వీధికి ఇనుపముక్క తగులకపోయినచో వెనుకటి వీధి పేరే కిటికీలో నిలిచియుండును. తరువాతి వీధికి అది తగిలినప్పుడు ఒక పేరు వెనుకబడిన పేరు వచ్చును. అక్కడినుండి దారి చివరివఱకు ప్రతి పేరును తప్పే. అంతేకాదు, ఆ తప్పును మంచి గంట మ్రోగించి, దీపము వెలిగించి, నిశ్చయముగా చెప్పును. ఏమియు చెప్పని పెట్టెకంటె ఇది ప్రమాదకరము. ఏమియు చెప్పనప్పుడు ప్రయాణికుడు ప్రక్కవానిని అడుగును. ధైర్యముగా తప్పు చెప్పినప్పుడు నమ్మి దిగిపోవును.

పంచాంగము తెలిసిన పెద్దలకు ఇది క్రొత్త సంగతి కాదు. సూర్యసిద్ధాంతపు పూర్వగణనము ననుసరించి కట్టిన పంచాంగమునకును, దృగ్గణితమున కట్టిన పంచాంగమునకును తిథి ముగియు వేళలలో కొన్ని గడియల భేదము కనబడుట మనమెఱిగినదే. ఎప్పుడో స్థిరపఱచిన గతులతో లెక్కించుచు పోయినచో అణుమాత్రపు భేదము శతాబ్దములమీద పెరిగి పెద్దదగును. ఆకసము చూచి సరిదిద్దుకొన్నచో పెరుగదు. ఏ పంచాంగము నాచరింపవలెనను వివాదములోనికి నేను దిగుట లేదు. దానికి వేఱు పండితులు, వేఱు సభలు కలవు. ఇక్కడ కావలసినది ఇంతమాత్రమే: ఆ పాత పేరుల పెట్టె లెక్కించినదే కాని చూడలేదు. తానున్న చోటును మరల మరల చూచి సరిదిద్దుకొను కన్ను దానికి లేదు. అందువలననే ఆ ఉపాయము లోకమంతట వ్యాపింపలేదు.

మన రైళ్లలో ఇట్టి పెట్టెలు వాడుకలోనికి రాకపోవుటకు ఇంకొక కారణము కూడ కలదనుకొందును. స్టేషను మాస్టరుకు బండి రాకను తెలుపు యంత్రములకు ముందుచోటు దొరకినది. ఒంటిదారి రైలుమార్గములందు నీల్ గారి గోళయంత్రము చాలకాలము నడిచినది. రెండు స్టేషనులలోని యంత్రములును తీగతో కలిసియుండును. అవతలివాడు ఒప్పుకొని కరెంటు పంపినగాని ఇవతల ఇనుపగోళము వెలికి రాదు. గోళము చేతికి రానిదే డ్రైవరు బండిని కదలింపరాదు. గోళమును సంచిలో వేసి వెదురు వలయమునకు కట్టి డ్రైవరుకు అందించుట చూచినవారు మీలో చాలమంది యుందురు. ఇదియు విద్యుదయస్కాంతపు పనియే. రెండు బండ్లు ఎదురెదురుగా రాకుండ చూచుట మొదటి ధర్మము. ప్రయాణికుని ప్రశ్న తీర్చుట తరువాతిది. ఆ క్రమమును తప్పుపట్టరాదు.

పేరు చూపు విద్య మాత్రము ముందునకు సాగినది. ఇటలీలో గోపురగడియారములు చేసిన సొలారి వంశపు కర్మాగారమువారు ఱెక్కల ఫలకమును చేసిరి. పలుచని ఱెక్కలు పుస్తకపు పుటలవలె ఒకదానిపై నొకటి పడుచు పేరులు మార్చును. 1956లో బెల్జియము దేశపు లియేజి స్టేషనులో దానిని పెట్టిరి. పిదప అనేక దేశముల స్టేషనులలోను విమానాశ్రయములలోను పేకముక్కలు కలిపినట్టి దాని చప్పుడు వినబడినది. 1961 ప్రాంతమున కెనడాలో కెన్యన్ టేలర్ అను నాతడు బిళ్లల ఫలకమును కల్పించెను. ప్రతి బిళ్లకు ఒక ప్రక్క నలుపు, ఒక ప్రక్క పసుపు. కరెంటు క్షణకాలము తగిలినచో బిళ్ల తిరుగును. ఆ పిదప కరెంటు లేకున్నను అయస్కాంతబలముచే అట్లే నిలిచియుండును. వందలకొలది బిళ్లలు చేరి అక్షరములగును. ఇవి తరువాత పెక్కు దేశములలో బస్సుల నొసటికెక్కినవి. ముగ్గులో చుక్కలు కలిపి పద్మము చేయు మన ఆడపడుచులకు ఈ చుక్కల అక్షరముల రహస్యము చెప్పనక్కఱలేదు. అయినను ఱెక్కలు గాని బిళ్లలు గాని చోటు తెలిసికొనలేవు. చెప్పిన పేరు చూపును, అంతే.

కన్ను వచ్చినది ఆకసమునుండి. అమెరికావారు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున ఇరువదినాలుగు ఉపగ్రహములను త్రిప్పుచు చోటు తెలుపు ఏర్పాటును 1995 నాటికి పూర్తిచేసిరి. అది పనిచేయు విధము మన పిల్లలు మెఱుపు చూచి ఉఱుముకై లెక్కపెట్టుట వంటిది. మెఱుపునకును ఉఱుమునకును నడుమ మూడు సెకనులైనచో పిడుగు ఒక కిలోమీటరు దూరమున పడినదని చెప్పవచ్చును. ఉపగ్రహము "ఇప్పుడు నా గడియారములో ఇంత వేళ" అని రేడియో అలలమీద పంపును. అల భూమిని చేరుటకు సెకనులో పదునైదవ వంతు పట్టును. ఆ ఆలస్యమునుబట్టి ఉపగ్రహము ఎంత దూరమో బండిలోని చిన్న యంత్రము లెక్కగట్టును. మూడు ఉపగ్రహముల దూరములు తెలిసినచో చోటు తేలును. నాలుగవది బండిలోని గడియారపు తప్పును దిద్దుటకు. ఆ దిద్దుబాటు ఎంత అవసరమో చూడుడు: సెకనులో పదిలక్షలవ వంతు తప్పినను మూడువందల మీటర్లు తప్పిపోవును. 2000 సంవత్సరము మే నెల వఱకు అమెరికా ప్రభుత్వము సామాన్యులకు అందు సంకేతమును కావలెనని కొంత చెఱచి పంపుచుండెను. దానిని మానిన పిదపనే ఈ విద్య బండ్లకు బాగుగా పనికివచ్చినది. ఇట్టి ఉపగ్రహములలో మన దేశపు మొదటిదానిని 2013 జూలై 1న ఆంధ్రతీరమందలి శ్రీహరికోట నుండి ప్రయోగించిరి.

ఇందు ముఖ్యమైన విశేషమేమనగా, ఈ యంత్రము వెనుకటి లెక్కపై ఆధారపడదు. ప్రతి క్షణము క్రొత్తగా చూచును. సొరంగములో సంకేతము అందక ఒక స్టేషను తప్పినను, వెలుపలికి వచ్చిన వెంటనే మరల సరియైన చోటు తెలిసికొనును. తప్పు తప్పుగానే ఆగిపోవును, పిల్లలు పెట్టదు. ఇదియే దృగ్గణితము.

2024 మార్చి 12న విశాఖపట్టణమునకును భువనేశ్వరునకును నడుమ వందే భారత్ బండి ప్రారంభమైనది. మన సీమలో అది విజయనగరమునందును, శ్రీకాకుళం రోడ్డునందును, పలాసయందును, ఇచ్ఛాపురమునందును నిలుచును. అదే యేడు సెప్టెంబరులో దుర్గు బండి విజయనగరము, పార్వతీపురముల మీదుగా వచ్చినది. ఈ బండ్లలో పెట్టె కొనలయందు వెలుగు అక్షరముల ఫలకములు కలవు. ఉపగ్రహముల సాయముతో రాబోవు స్టేషను పేరును అవి చూపును. దానితోపాటు కంఠధ్వనియు వినబడును. 19వ శతాబ్ది యంత్రకారుడు కలగన్న పెట్టె ఇదియే. గుడ్డపట్టె లేదు, పండ్లచక్రము లేదు. గంట మాత్రము ఏదో రూపమున మిగిలినది.

ఆ బండ్లలో ఫలకము అలంకారమాత్రము కాదు. తలుపులు వాటంతట అవి మూసికొనును. మూసికొన్న పిదప తెఱచుట ప్రయాణికుని చేతిలో లేదు. సామాన్యపు బండిలో ఆలస్యముగా లేచినవాడు కదలుచున్న బండి దిగి దెబ్బతినును. ఇందులో దెబ్బతినడు కాని ఆమదాలవలసలో దిగవలసినవాడు పలాస చేరును. మధ్యనున్న ఊర్లముల, తిలారుల, కోటబొమ్మాళి, నౌపడల యందు బండి నిలువదు. కావున ముందుగా చెప్పుట ఇక్కడ మఱింత అవసరము. స్టేషను చేరిన పిదప పేరు వెలిగినచో అది మరల వర్తమానమే యగును.

ఇక వెనుక చెప్పిన పేరు సంగతి. ఉపగ్రహము చోటు చెప్పును, పేరు చెప్పదు. ఈ చోటునకు ఈ పేరు అని ముందుగా మనుష్యుడే వ్రాసి యంత్రమున ఉంచవలెను. ఆ వ్రాతలో తప్పున్నచో యంత్రము దానినే దేశమంతటను చదువును. "శ్రీకాకుళం రోడ్" అని చెప్పినప్పుడు "ఆమదాలవలస" అనికూడ కలిపి చెప్పిన ఎంత మేలు! అట్లే ఫలకముపై అక్షరములు పరుగెత్తు వేగము. హిందీయు ఇంగ్లీషును పోయి తెలుగు వచ్చులోపల కండ్లజోడు తీసి తుడుచుకొను వయసువారికి ఆ పేరు దాటిపోవును. యువకుల కండ్లకు సరిపడు వేగమును నిర్ణయించువారు అఱువదియేండ్లవానిని ఒకసారి ఎదుట కూర్చుండబెట్టుకొని పరీక్షింపవలెనని నా మనవి. ఇది కష్టమైన పని కాదు.

భాషావిషయమున మన సీమకు ప్రత్యేకమైన చిక్కొకటి యున్నది. నౌపడనుండి పర్లాకిమిడికి సన్నదారి రైలు 1900లో వచ్చినది, 1931లో గుణుపురము వఱకు పొడిగింపబడినది, ఇప్పుడది పెద్దదారియైనది. టెక్కలి, పాతపట్నములు దాటి ఆ బండి తెలుగునేలనుండి ఒడియానేలకు పోవును. 1936లో ఒరిస్సా వేఱు రాష్ట్రమైన నాటినుండి ఒకే దారికి రెండు భాషలు. అక్కడ నడుచు బండికి ఫలకము పెట్టినచో తెలుగును ఒడియాయు రెండును, ఆద్యంతము, చూపవలెను. సరిహద్దు స్టేషను దాటగానే ఒక భాషను ఆపివేయుట ప్రయాణికుని చూచి చేసిన పని కాదు, పటమును చూచి చేసిన పని. బరంపురమునకు వైద్యమునకై పోవు ఇచ్ఛాపురపువాడు సరిహద్దు దాటినంతమాత్రమున తెలుగు మఱచిపోడు గదా.

బస్సుల సంగతి చెప్పక తీఱదు. మన తెలుగుదేశమున ప్రభుత్వపు బస్సు 1932లో నిజాము రాజ్యమున ఇరువదియేడు బండ్లతో మొదలైనది. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958 జనవరి 11న ఏర్పడినది. బస్సు నొసట చివరి ఊరి పేరు వ్రాయు పలకలు నాటినుండి నేటివఱకు ఉన్నవి. కొన్నిటికి ఇప్పుడు వెలుగు అక్షరములు వచ్చినవి. అవి బస్సు ఎక్కబోవువానికి ఉపకారము చేయును. ఎక్కినవానికి రాబోవు ఊరు చెప్పు ఫలకము పల్లెబస్సులో అరుదు. హైదరాబాదు మెట్రో రైలు 2017 నవంబరులో నడువసాగిన నాటినుండి అక్కడి పెట్టెలలో రాబోవు స్టేషను పేరు తెలుగులోను వినబడుచున్నది. పాలకొండకో సాలూరుకో పోవు బస్సులో మాత్రము ఆ పని ఇంకను కండక్టరు గొంతుదే.

కావున ప్రయాణమునకు బయలుదేఱు పెద్దలు మూడు సంగతులు కనుగొని బయలుదేఱుట మంచిది. దిగవలసిన స్టేషనునకు టిక్కెట్టుపై వ్రాసిన పేరేమి. దానికి ముందు తాము ఎక్కిన బండి నిలుచు స్టేషను ఏది. అక్కడినుండి ఎన్ని నిమిషములు పట్టును. విజయనగరమునుండి పొందూరునకు ఎల్లచోట్ల నిలుచు బండిలో పోవువాడు సిగడాము దాటగానే లేవవలెను. ఆమదాలవలసనుండి వచ్చువాడు దూసి దాటగానే. పెద్ద బండ్లు ఈ ఊళ్లలో నిలువవు గనుక ఎక్కుటకు ముందే అడిగి తెలిసికొనవలెను. ఫలకమున్న బండిలోనైనను, అది చూపు పేరును కిటికీలోనుండి కనబడు పసుపుపలకతో ఒకటి రెండు చోట్ల సరిచూచుకొని, ఆ తరువాత నిశ్చింతగా కూర్చుండవచ్చును.